పేకముక్కలు: పందెమా? పోటీయా?

పేకాట యనగానే మన యిండ్లలో రెండు విధములైన భావములు కలుగును. పెండ్లివారు విడిదిలో తెల్లవారువరకు ముక్కలు పంచుకొని కూర్చున్నచో ఎవరును తప్పు పట్టరు. పైగా కాఫీలు కూడ అచ్చటికే పంపుదురు. అందులోని మనిషియే జీతము అందిన నాటి సాయంకాలము ఆటకు కూర్చుండి వట్టి చేతులతో ఇల్లు చేరినచో, ఆ యింట ఆ రాత్రి ఎవరికిని అన్నము సహింపదు. ముక్కలు అవే ఏబదిరెండు. రాజులును రాణులును వారే. మరి తేడా ఎచ్చట నున్నది?

ఈ ప్రశ్న విశాఖపట్నము వంటి నగరమునకు మిక్కిలి తగినది. 1933లో నౌకాశ్రయము ప్రారంభమైన నాటినుండి ఈ యూరు నెలజీతముల యూరుగా పెరిగినది. ఓడరేవు, ఓడలు కట్టు కర్మాగారము, చమురు శుద్ధి చేయు కర్మాగారము, ఆ తరువాత ఉక్కు కర్మాగారము – వీనిలో పని రేయింబవళ్లు షిఫ్టుల వంతున సాగును. లోకమంతయు పనికి పోవు వేళకు ఇంటికి వచ్చువారు, లోకమంతయు నిద్రించు వేళకు మేలుకొని యుండువారు ఇచ్చట వేలకొలది కలరు. అట్టివారికి దొరకు తీరిక వేళలు వేరు. పేకకట్ట చౌకయైన వినోదము. మైదానము అక్కరలేదు, వెలుతురును నలుగురు మనుష్యులును చాలును. అందువలన పేకాట వినోదమెప్పుడు, జూదమెప్పుడు, క్రీడ యెప్పుడు అను విషయమును తెలిసికొనుట సంసారులందరికిని అవసరము. జట్లు కట్టి, పతకములకొరకు పేకాడు కాలము వచ్చిన ఈ దినములలో ఇది మరింత అవసరము.

జూదము మనకు క్రొత్తది కాదు. ఋగ్వేదములోనే పాచికలవలన చెడిన మనుష్యుని విలాపమును తెలుపు సూక్త మొకటి యున్నది. ధర్మరాజు జూదము తెలియని తెలుగువారు లేరు. అయితే ఈ వ్యసనమును మాన్పుట కష్టమని గ్రహించి, దానిని కట్టుదిట్టము చేయబూనినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడను ఉద్యోగి కలడు. జూదమంతయు ఒక్కచోటనే, అతని కనుసన్నలలోనే జరుగవలెను. పాచికలను అతడే యిచ్చును. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతులు పుచ్చుకొనును. పాచికలకును స్థలమునకును త్రాగునీటికిని అద్దె వేరు. ఈ నూటికి అయిదు అను మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. మన కథకు అదియే కీలకము.

పాచికల తరువాత వచ్చినవి పేకముక్కలు. మొగలుల కాలమున ప్రబలిన గంజిఫా ముక్కలు గుండ్రనివి, చేతితో రంగులు వేసినవి. ఎనిమిది రంగుల వరుసలతో 96 ముక్కలు ఒక కట్ట. దశావతారముల గంజిఫాలో పది వరుసలు, 120 ముక్కలు. నిర్మల చిత్రకారులు వీనిని చిత్రించిరి. ఉత్తరాంధ్ర పొరుగున నున్న పర్లాకిమిడిలోను ఈ కళ వెలసినది. తరువాత ఓడలపై దిగిన ఏబదిరెండు ముక్కల కట్ట ఆ గుండ్రని ముక్కలను వెనుకకు నెట్టినది. విజయనగరమున వ్రాయబడిన గురజాడవారి కన్యాశుల్కములో పేకాట దృశ్య మొకటి యున్నదనిన, ఆనాటికే ఈ యాట మన యిండ్లలో ఎంతగా పాదుకొన్నదో ఊహింపవచ్చును.

ఇక చట్టము మాట. పేకాట జూదమా కాదా యను ప్రశ్న తెలుగునాటి నుండియే దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు చేరినది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి జరిపి, డబ్బుకు రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. నిజాము నాటి హైదరాబాదు జూద చట్టము క్రింద నేరము మోపిరి. క్రింది న్యాయస్థానము శిక్ష విధించినది, హైకోర్టు దానిని కొట్టివేసినది, రాష్ట్ర ప్రభుత్వము సుప్రీము కోర్టుకు పోయినది. 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పిరి. మూడు ముక్కలాట కేవలము అదృష్టముపై నడచునది. రమ్మీ అట్టిది కాదు. పడిన ముక్కలను గుర్తుంచుకొనవలెను, ఏది చేత నుంచవలెనో ఏది విడువవలెనో తెలిసియుండవలెను. కనుక అది ప్రధానముగ నైపుణ్యపు ఆట యని ఆ తీర్పు సారాంశము. బ్రిడ్జి ఆటలో ముక్కల పంపకమునందు ఎంత అదృష్టమున్నదో రమ్మీలోను అంతయే యున్నదని కూడ చెప్పబడినది.

ఈ తీర్పులోని ఈ భాగమును లోకము బాగుగ వినినది. దానితో చేర్చి చెప్పిన రెండవ మాటను అంతగా వినలేదు. క్లబ్బు నడుపువాడో, ఇంటి యజమానియో పందెపు ఆటనుండి తాను లాభము తీయుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము రుజువు కావచ్చునని న్యాయమూర్తి హెచ్చరించిరి. అనగా ఆటలో నైపుణ్యమున్నదా యను ప్రశ్న ఒకటి, ఆట పేరుతో ఎవరు సొమ్ము తీయుచున్నారు అను ప్రశ్న మరియొకటి. కౌటిల్యుని నూటికి అయిదు మరల ఇచ్చట తలయెత్తినది.

ఈ రెండవ ప్రశ్న ఎంత బలమైనదో చిన్న లెక్కతో చూతము. ఆరుగురు తలకు వేయి రూపాయల చొప్పున తీసికొని కూర్చుండిరనుకొందము. బల్లమీద మొత్తము ఆరువేలు. ఆట యొకటికి తలకు పది రూపాయలు స్థలము యజమానికి ఇచ్చుట నియమము. అనగా ఆటకు అరువది రూపాయలు. ఆరుగురును సమానమైన నేర్పరులే యనుకొందము. ఒకరి సొమ్ము ఒకరికి చేరుచు, మరల తిరిగి వచ్చుచుండును. కాని నూరు ఆటలు ముగియునప్పటికి ఆరువేలును యజమాని పెట్టెలో నుండును. ఆరుగురిలో ఒక్కడును గెలువడు. ఆట రాకపోవుటవలన ఓడితిమని వారు ఒకరినొకరు నిందించుకొందురు. నిజముగ గెలిచినవాడు ముక్కయే పట్టలేదు.

మరి పేకాట క్రీడగా మారు మార్గమే లేదా? ఉన్నది. ఆ మార్గము కనుగొనబడి నూటయేబది సంవత్సరములు దాటినది.

ఏ క్రీడకైనను మొదటి ధర్మము సమానత. పరుగుపందెములో అందరికిని ఒకే గీత. పేకాటలో ఆ సమానత లేదు. ఒకని చేతికి నాలుగు ఆసులు వచ్చును, ఇంకొకనికి దుగ్గీలును తిగ్గీలును వచ్చును. ఏబదిరెండు ముక్కలనుండి ఒకని చేతికి రాదగిన పదమూడు ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. ఇన్నింటిలో ఏది వచ్చునో అదృష్టాధీనము. ఈ అదృష్టమును తొలగించుట యెట్లు? 1857లో లండనులో, కేవెండిషు అను కలము పేరుతో ప్రసిద్ధుడైన హెన్రీ జోన్సు, అతని మిత్రులు ఒక పరీక్ష చేసిరి. నలుగురు మంచి ఆటగాండ్రను, నలుగురు సామాన్యులను రెండు గదులలో కూర్చుండబెట్టిరి. మొదటి గదిలో మంచివారికి వచ్చిన ముక్కలే, రెండవ గదిలో సామాన్యులకు వచ్చునట్లు చేసిరి. ఒకే ముక్కలతో ఇరుపక్షముల వారును ఆడిన తరువాత లెక్క చూడగా మంచి ఆటగాండ్రదే పైచేయి యైనది. అదృష్టము రెండువైపులను సమానమగుటచేత, మిగిలిన తేడా నేర్పునకు చెందినది.

ఆనాటి ఆట విస్టు. దాని వంశములో పుట్టినదే బ్రిడ్జి. నేడు లోకమంతట ఆడబడు కాంట్రాక్టు బ్రిడ్జి ఓడలో పుట్టినదని చెప్పిన రేవుపట్టణపు శ్రోతలకు సంతోషము కలుగవచ్చును. 1925 శరత్కాలమున హెరాల్డు వాండర్బిల్టు అను అమెరికా ధనికుడు పనామా కాలువ గుండా సాగు ఓడలో మిత్రులతో పేకాడుచు, క్రొత్త లెక్కల పద్ధతిని కూర్చెను. అచిరకాలములోనే అది దేశదేశములకు ప్రాకెను.

బ్రిడ్జిలో ఎదురెదురుగ కూర్చున్న ఇద్దరు ఒక జంట. ఆట మొదట వేలమువలె సాగును: తాము ఎన్ని పట్టులు పట్టగలరో, ఏ రంగు తురుపుగానో పలుకవలెను. తరువాత పలికినది నిలుపుకొనవలెను. జట్టుపోటీలో ఒక్కొక్క జట్టునకు నలుగురు, అనగా రెండు జంటలు. మొదటి బల్లమీద మన జంట ఉత్తర దక్షిణ స్థానములలో కూర్చుండును. వేరొక గదిలోని రెండవ బల్లమీద మన రెండవ జంట తూర్పు పడమరలలో కూర్చుండును. ముక్కలను నాలుగు అరలు గల పలకలో పెట్టుదురు. ఆడునప్పుడు ముక్కలను నడుమకు విసరక, ఎవరి ముక్క వారి ముందే ఉంచుకొని, ఆట ముగియగానే మరల అరలో పెట్టుదురు. ఆ పలక అట్లే రెండవ బల్లకు పోవును.

ఉదాహరణకు, మొదటి బల్లమీద మన జంట ఇస్పేటు తురుపుగా పది పట్టులు పట్టెదమని పలికి, పదియు పట్టినది. 420 పాయింట్లు వచ్చినవి. రెండవ బల్లమీద అవే ముక్కలు పట్టిన ఎదుటి జట్టువారు భయపడి, ఎనిమిదితో వేలము నాపి, పది పట్టిరి. వారికి 170 మాత్రమే. పట్టులు రెండుచోట్లను పదియే. కాని మనవారి ధైర్యమునకు 250 పాయింట్ల ఆధిక్యము లభించినది. అంతర్జాతీయ పట్టికప్రకారము ఇది 6 జట్టు పాయింట్లగును. ఇచ్చట ఎవరును మాకు మంచి ముక్కలు రాలేదని సాకు చెప్పుటకు వీలులేదు. భాగస్వామి బలమును బలహీనతను ఎరిగి ఆడుట, ఎదుటివారి మౌనమును చదువుట, రెండవ గదిలోని తోటివారిని కనులార చూడకయే నమ్ముట – ఇవియే గెలుపునకు మూలములు. జట్టు క్రీడ యనుటకు ఇంతకన్న ఏమి కావలెను?

1950లో బెర్ముడా దీవిలో ప్రపంచ పోటీ జరిగినది. 1958లో ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య ఏర్పడినది. 1999లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము దానిని గుర్తించినది. ఒలింపిక్ పతకముల జాబితాలోనికి బ్రిడ్జి ఇంకను చేరలేదు గాని, 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ప్రవేశించినది. ఆనాడు పురుషుల జంటల పోటీలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మన దేశమునకు స్వర్ణ పతకము తెచ్చిరి. ఒకరికి అరువది ఏండ్లు, ఒకరికి ఏబదియారు. పురుషుల జట్టు, మిశ్రమ జట్టు కాంస్యములు గెలిచినవి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల జట్టు రజతము పొందినది. తాతల వయస్సులోని వారు దేశపతాకముక్రింద నిలిచి పతకమందుకొనుట పేకముక్కలకు దక్కిన గౌరవము. వారు గెలిచినది ఎవరి జేబులోని సొమ్మును కాదని గమనింపవలెను.

ఈ గౌరవమును చూచి పోకరు ఆట కూడ అదే బాట పట్టజూచినది. పోకరు మొదటినుండియు పందెపు ఆట. డబ్బు పణము పెట్టుటయే అందులోని భాష. 2009లో లోజాను నగరమున అంతర్జాతీయ పోకరు సమాఖ్య ఏర్పడి, బ్రిడ్జినుండి యుక్తి నెరవు తెచ్చుకొన్నది. అన్ని బల్లలమీదను ఒకే సంఖ్య గల ఆసనములో కూర్చున్నవారికి ఒకే ముక్కలు పంచుదురు. ప్రతి ఆటకును అందరికిని సమానముగ బిళ్లలు ఇత్తురు. ఆ ముక్కలతో ఇతర బల్లల వారికంటె ఎవరు మేలుగ ఆడిరో చూచి జట్టునకు పాయింట్లు వేయుదురు. ఎవరును స్వంత సొమ్ము పెట్టరు. ఈ పద్ధతిలో 2011లో లండనులో దేశముల జట్ల పోటీ జరిగినది. ఇది న్యాయమైన ప్రయత్నము.

అయితే జట్టు అను మాటకు ఇంకొక ఉపయోగము కూడ కలదు. క్రికెట్టు లీగుల నమూనాలో పోకరు లీగులు వెలసినవి. 2016లో విదేశములలో గ్లోబల్ పోకర్ లీగు, 2017లో మన దేశమున పోకర్ స్పోర్ట్స్ లీగు నగరముల పేర, ప్రాంతముల పేర జట్లను నిలిపినవి. అంగీలు, చిహ్నములు, నాయకులు అన్నియు ఉన్నవి. అంగీ తొడిగినంతమాత్రమున ఆట క్రీడ యగునా యని అడుగవలసి యున్నది. న్యాయస్థానములలో సయితము ఏకాభిప్రాయము లేదు. ఆ 2017 డిసెంబరులోనే గుజరాతు హైకోర్టు పోకరును జూదముగ పరిగణించినది.

అన్నిటికంటె పెద్ద మార్పు బల్లమీదనుండి చేతిలోని ఫోనులోనికి ఆట మారుట. విడిదిలోని పేకాటలో ఎదుట బావమరిది యుండెను, ఇక చాలు లెమ్మను మామగారుండిరి. ఓడినవాని ముఖము గెలిచినవానికి కనబడెను. ఆ సిగ్గు, ఆ జాలి, ఆ మందలింపు ఇవియే ఆటకు కళ్లెములు. ఫోనులోని రమ్మీకి ఎదుటివాడు ముఖము లేనివాడు. ఆట ముగియు వేళ లేదు. షిఫ్టు దిగి వచ్చి, ఇంట అందరును నిద్రించు సమయమున దుప్పటిలో వెలుగు తెర ముందు ఆడువానిని లెమ్మనువారు లేరు. ప్రతి బల్లనుండియు నడుపువాని భాగము మాత్రము క్షణములలో పోవుచుండును. మన ఆరుగురి లెక్కలో నూరు ఆటలకు కొన్ని దినములు పట్టవచ్చును. తెరమీద ఒక్క రాత్రి చాలును.

అందువలననే చట్టములు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము 1974 నాటిది. అందులో నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఉండెను. తెలంగాణ 2017లో తన చట్టమును సవరించి, డబ్బుకు ఆడు ఆన్‌లైన్ రమ్మీని సయితము నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే మార్గము త్రొక్కినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలకు సంబంధించిన చట్టము చేయగా, ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. ఆ చట్టము డబ్బు పణముగా గల ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అను విచారణ లేకయే నిషేధించి, పోటీ క్రీడగా ఆడు ఈ-స్పోర్ట్సును వేరుగ నిలిపి ప్రోత్సహింపదలచినది. 1967 తీర్పులో వెనుకబడిన రెండవ మాట, ఏబదియెనిమిది సంవత్సరముల తరువాత, మొదటి స్థానమునకు వచ్చినదని చెప్పవచ్చును.

కావున పేకాట నుద్దేశించి ఎవరైన క్రీడ యని చెప్పినప్పుడు గృహస్థులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఒకటి: అదృష్టమును ఇరుపక్షములకును సమానము చేయు ఏర్పాటు ఉన్నదా? రెండు: గెలిచినవాని బహుమానము ఎచ్చటినుండి వచ్చుచున్నది – నిర్వాహకులు ముందే నిర్ణయించి పెట్టిన కప్పా, లేక ఓడినవాని జేబా? మూడు: ఓడినవాడు మరల మరల ఆడుటవలన లాభపడువాడు ఎవడైన ఉన్నాడా? మొదటిదానికి ఉన్నదనియు, రెండవదానికి కప్పు అనియు, మూడవదానికి లేడనియు సమాధానము వచ్చినచో అది క్రీడ. పిల్లలకు సయితము నేర్పవచ్చును. సమాధానములు తారుమారైనచో, అంగీమీద ఏ నగరము పేరున్నను, అది కౌటిల్యుడు ఎరిగిన పాత ద్యూతశాలయే. ఆ కాలమున అధ్యక్షుడు రాజునకు లెక్క చెప్పువాడు. ఇప్పుడు ఎవనికిని చెప్పడు.

ఈ జట్టు ఆటను చూడదలచినవారు ఇంటనే పరీక్షింపవచ్చును. ఎనమండుగురు, రెండు పేకకట్టలు, రెండు గదులు చాలును. మొదటి కట్టను పంచి, ఎవరికి ఏ ముక్కలు వచ్చినవో కాగితముపై వ్రాసి, రెండవ కట్టను అట్లే అమర్చవలెను. ఒక జట్టులోని సగము మంది ఈ గదిలో ఒక దిక్కున, సగము మంది ఆ గదిలో ఎదుటి దిక్కున కూర్చుండవలెను. బ్రిడ్జి రానివారు తురుపు ముందే నిర్ణయించుకొని, పట్టులు లెక్కించుకొన్నను చాలును. ఆట ముగిసిన పిమ్మట రెండు గదులవారును కలిసి కాగితములు సరిపోల్చుకొనుచు, ఆ రాణిని అప్పుడే ఏల విడిచితివి, ఆ ఆసును ఏల దాచితివి అని వాదులాడుకొనుటలో నున్న ఆనందము పందెములో లేదు. ఆ పూట ఓడినవారు గెలిచినవారికి కాఫీలు కలిపి యిచ్చుట ఒక్కటే శిక్ష. మరునాడు జీతపు కవరు అల్మారాలో ఉన్నచోటనే ఉండును.